బూట్ల పెట్టెలోని బేస్‌బాల్ కార్డులు: ఏది పంపాలి, ఎలా రాయాలి

ప్రశ్న:

మేము తొమ్మిదేళ్లుగా క్లీవ్‌లాండ్ శివారులో ఉంటున్నాం. మా పక్కింటి పెద్దాయనకు ఎనభై దాటాయి. ఈమధ్య ఇల్లు అమ్మి కూతురి దగ్గరికి వెళ్లిపోతూ మా పన్నెండేళ్ల అబ్బాయి చేతిలో ఒక బూట్ల పెట్టె పెట్టారు. అందులో సుమారు మూడు వందల బేస్‌బాల్ కార్డులు, అంటే ఒక్కో ఆటగాడి బొమ్మతో అచ్చయిన చిన్న అట్టలు, ఉన్నాయి. అన్నీ 1958 నుంచి 1975 మధ్యలో వచ్చినవి. పదకొండు కార్డుల మీద బాల్‌పెన్నుతో చేసిన సంతకాలున్నాయి. చిన్నతనంలో ఆటగాళ్లకు ఉత్తరాలు రాసి తెప్పించుకున్నానని ఆయన చెప్పారు. ఇప్పుడు మావాడికీ అదే పట్టుదల పట్టుకుంది. రాకీ కొలావిటోతో మొదలుపెట్టి ఇరవై పేర్లు రాసుకున్నాడు. పాత కార్డు మీద ఇప్పుడు సంతకం చేయిస్తే విలువ పోతుందా? పంపిన కార్డు తిరిగి వస్తుందా? కొన్ని కార్డుల మీద సంతకం ముందే ఉన్నట్టు కనిపిస్తోంది, అదేమిటి? వయసు మళ్లినవాళ్లకు ఇళ్లకు ఉత్తరాలు రాసి విసిగించడం బాగుండదని నా భార్య అంటోంది. చివరిగా, ఇక్కడి ఆదివారం సంతలో ఒకతను బేబ్ రూత్ సంతకం ఉన్న 1962 నాటి కార్డును నాలుగు వందల డాలర్లకు ఇస్తానంటున్నాడు. తీసుకోమంటారా?

– ఒక తండ్రి, ఒహాయో

సమాధానం:

చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, అందులో మీ నాలుగు వందల డాలర్లు ఉన్నాయి కాబట్టి. కొనకండి. బేబ్ రూత్ 1948 ఆగస్టులో చనిపోయారు. ఆయన జీవితాన్ని బొమ్మలుగా చూపిస్తూ, ఈ కార్డులు అచ్చువేసే టాప్స్ కంపెనీ పది కార్డులు వేసింది 1962లో. మనిషి పోయిన పద్నాలుగేళ్లకు అచ్చయిన అట్టముక్క మీద ఆ మనిషి సంతకం ఎలా ఉంటుంది? అమ్మేవాడికి ఈ సంగతి తెలియదేమో, తెలిసే అమ్ముతున్నాడేమో. మీ వరకు రెండూ ఒకటే.

కార్డు ఎప్పుడు అచ్చయింది, మనిషి ఎప్పుడు పోయాడు, కలం ఎప్పుడు పుట్టింది: ఈ మూడు తేదీలను పక్కపక్కన పెట్టి చూడడం మీ అబ్బాయికి ఇప్పుడే అలవాటు చేయండి. షార్పీ మార్కర్ 1964లో వచ్చింది. పాతతరం ఆటగాడు టై కాబ్ 1961 జూలైలో కన్నుమూశారు. ఆయనకు ఆకుపచ్చ సిరా అంటే ఇష్టం, ఫౌంటెన్ పెన్నుతో రాసేవారు. షార్పీతో చేసిన కాబ్ సంతకం ఎవరైనా చూపిస్తే ఇక అక్షరాల వంపులు పోల్చి చూడాల్సిన పనే లేదు. 1990ల్లో అమెరికా ఎఫ్‌బీఐ ‘ఆపరేషన్ బుల్‌పెన్’ పేరుతో శాన్ డియాగో కేంద్రంగా దొంగ సంతకాల ముఠాలను పట్టుకుంది. ఆ సోదాల్లో మదర్ థెరిసా సంతకం ఉన్న బేస్‌బాల్ బంతులు కూడా బయటపడ్డాయి. కొనేవాళ్లు ఉంటే దేనిమీదైనా ఎవరి సంతకమైనా పుట్టుకొస్తుంది.

అందుకే నేను ముప్పై ఎనిమిదేళ్లుగా సంతకాలు కొనడం మానేసి తపాలాలోనే తెప్పించుకుంటున్నాను. నేను రాసిన ఉత్తరం, నేను అంటించిన స్టాంపు, నా చేతిరాతతోనే నా ఇంటికి తిరిగి వచ్చిన కవరు. ఆ కార్డు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు.

ఇక బాధ కలిగించే మాట ఒకటి చెప్పాలి. మీ అబ్బాయి జాబితాలో మొదటి పేరు కొట్టివేయాలి. రాకీ కొలావిటో 2024 డిసెంబరులో, 91వ ఏట చనిపోయారు. ఆ పేరే మొదట ఎందుకు రాసుకున్నాడో నేను ఊహించగలను, పక్కింటాయన చెప్పి ఉంటారు. 1959 జూన్ 10న బాల్టిమోర్‌లో కొలావిటో ఒకే ఆటలో వరసగా నాలుగు హోమ్‌రన్లు (బంతిని మైదానం అవతలికి పంపే దెబ్బలు) కొట్టారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో, సీజన్ మొదలవడానికి రెండు రోజుల ముందు, క్లీవ్‌లాండ్ జట్టు ఆయనను డెట్రాయిట్‌కు ఇచ్చేసి హార్వీ క్యూన్‌ను తెచ్చుకుంది. ఆ ఊరి పిల్లలు ఆ దెబ్బను ముసలివాళ్లయ్యాక కూడా మరిచిపోలేదు. మీ పక్కింటాయనకు అప్పుడు పదిహేనేళ్లు ఉండి ఉంటాయి. కొలావిటో కార్డు మీ పెట్టెలో ఉంటే అది సంతకం లేకుండానే ఉండనివ్వండి. అదీ మీ పక్కింటాయన ఇచ్చినదే.

మిగిలిన పందొమ్మిది పేర్లనూ ఈ రోజే సరిచూసుకోండి. 1965లో పాతికేళ్లున్న ఆటగాడికి ఇప్పుడు ఎనభై అయిదు దాటి ఉంటాయి. అడిగినవారికి కాదనకుండా జవాబిస్తారని పేరున్న పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. బాబ్ ఫెల్లర్ 2010 డిసెంబరులో, హార్మన్ కిల్లెబ్రూ 2011 మేలో, బాబీ డోర్ 2017 నవంబరులో, బ్రూక్స్ రాబిన్సన్ 2023 సెప్టెంబరులో. కిల్లెబ్రూ 573 హోమ్‌రన్లు కొట్టిన మనిషి. సంతకంలో ప్రతి అక్షరం చదివేలా ఉండాలని, అడిగినవాడు రేపు దాన్ని చూసి ఎవరిదో పోల్చుకోగలగాలని కుర్ర ఆటగాళ్లకు నచ్చజెప్పేవారు. ఆయన తరంవాళ్ల సంతకాలు ముత్యాల్లా కనిపించడానికి అటువంటి పట్టింపే కారణం. మీ పెట్టెలోని కార్డులు ఆ తరానివి.

ఏ కార్డు పంపాలి? ఇక్కడే చాలామంది పొరబడతారు. చేతిలో ఉన్నవాటిలో ఖరీదైన కార్డు తీసి, దానిమీద సంతకం పడితే ఖరీదు రెట్టింపు అవుతుందనుకుంటారు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది. పెద్ద ఆటగాడి మొదటి కార్డు, అంచులు పదునుగా, మచ్చ లేకుండా ఉన్నది, ఆ శుభ్రత వల్లే ధర పలుకుతుంది. దానిమీద సిరా పడితే సంతకం లేని కార్డులు కోరేవారు దాన్ని పక్కన పెడతారు. పైగా తపాలాలో రెండు ప్రయాణాలు. 1963 పీట్ రోజ్, 1968 నోలన్ రయాన్, 1969 రెగీ జాక్సన్, 1975 జార్జ్ బ్రెట్, రాబిన్ యౌంట్ మొదటి కార్డులు మీ పెట్టెలో ఉంటే వాటిని వేరు చేసి దాచండి.

ఇంకొక మెలిక ఉంది. 1973 దాకా టాప్స్ తన కార్డులను ఏడాదంతా విడతలుగా వదిలేది. వేసవి చివరికి పిల్లల ధ్యాస ఫుట్‌బాల్ మీదికి మళ్లుతుంది, దుకాణాలవాళ్లు తక్కువ తెప్పించుకుంటారు. అందుకే ఆఖరి విడత కార్డులు తక్కువగా మిగిలాయి. 1967లో మొత్తం 609 కార్డులు. అందులో 534వ నంబరు నుంచి చివరిదాకా ఉన్నవి అటువంటివే. ఆ అంకెల్లో ఉంటే పేరు ఎవరూ వినని ఆటగాడి కార్డు కూడా నాలుగు డబ్బులు పలుకుతుంది. కార్డు వెనక నంబరు చూడకుండా కవరులో పెట్టకండి.

పంపవలసినవి సేకరించేవారు కామన్లు అని పిలిచే కార్డులు: మూలలు గుండ్రంగా అరిగినవి, పెద్ద పేరు లేని ఆటగాళ్లవి, రెండు మూడు డాలర్లకు దొరికేవి. అలాంటి కార్డుకు సంతకం నిజంగా విలువ పెంచుతుంది. పోస్టులో పోయినా మీవాడి గుండె పగలదు. బూట్ల పెట్టెలో అరవై ఏళ్లున్న కార్డులు ఎలాగూ కొత్తవాటిలా ఉండవు. వాటి కోసమే ఈ అలవాటు పుట్టిందని నేను నమ్ముతాను.

బొమ్మను కూడా చూసి ఎంచుకోండి. ముదురు నీలం చొక్కా మీద నీలం సిరా కనబడదు. వెనక ఆకాశమో, తెల్లటి చొక్కానో ఉన్న కార్డు మంచిది. 1971 కార్డులకు చుట్టూ నల్లటి అంచు ఉంటుంది. గోరు తగిలినా తెల్లగా లేచిపోతుంది, తపాలాలో ఇంకా పాడవుతుంది. వాటిని నేను పంపను. కొత్త కార్డుల నిగనిగలాడే పూత మీద సిరా జారిపోతుంది, దానికి ముందుగా టాల్కం పౌడరు రుద్ది తుడవాల్సి వస్తుంది. మీ పాత అట్టకు ఆ బాధ లేదు, సిరాను చక్కగా పట్టుకుంటుంది.

సంతకం ముందే ఉన్నట్టు కనిపిస్తోందన్నారు. అది అచ్చు. ఆటగాడి సంతకం నమూనాను టాప్స్ బొమ్మతోపాటే ముద్రించేది. మీ పెట్టెలో 1959, 1967, 1971, 1975 కార్డులు తీసి చూడండి, అన్నింటి మీదా ఉంటుంది. వెలుతురులో కార్డును వంచి పట్టుకుంటే కలంతో చేసిన సంతకం అట్ట మీద వేరే మెరుపుతో కనిపిస్తుంది, బాల్‌పెన్ను అయితే చిన్న గాడి కూడా పడుతుంది. అచ్చు సంతకం బొమ్మలో కలిసిపోయి ఉంటుంది. ఈ తేడా తెలియక అచ్చు సంతకానికి డబ్బు పోసినవారిని నేను చూశాను. సంతకం చేయించడానికి ఈ ఏళ్ల కార్డులు పనికిరావని కాదు, కానీ ఒక సంతకం పక్కన ఇంకొకటి ఇరుకుగా ఉంటుంది. 1961, 1964 కార్డులు నాకు ఎక్కువ ఇష్టం. బొమ్మ విశాలంగా ఉండి కలానికి చోటు ఉంటుంది.

ఇక ఉత్తరం. నేను 1987లో రాసిన మొదటి ఉత్తరాలను తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆఫీసు టైపురైటర్‌ మీద ఒకే ఉత్తరం ఆరు కాపీలు తీసి, పేరు మాత్రం మార్చి, ఒక్కొక్క కవరులో ఎనిమిదేసి కార్డులు కుక్కి పంపాను. అయిదుగురి నుంచి ఏమీ రాలేదు. ఆరో ఆయన, అప్పటికి రిటైరై పదిహేనేళ్లు దాటిన ఒక పిచర్ (బంతి విసిరే ఆటగాడు), ఎనిమిది కార్డులనూ సంతకం లేకుండా తిప్పి పంపారు. ఈ ఎనిమిదింటిలో నీకు నిజంగా కావలసినది ఏదో చెప్పు అని ఒక చీటీ జతచేశారు. నేను ఒక్క కార్డు ఎంచుకుని, ఈసారి చేత్తో రాసి పంపాను. మూడు వారాలకు కార్డు మీద సంతకం, దాంతోపాటు రెండు వైపులా నిండిన ఉత్తరం వచ్చాయి. ఆ కార్డు ధర ఇప్పటికీ పది డాలర్లు మించదు. ఆ ఉత్తరాన్ని నేను ఎంతకీ ఇవ్వను.

మీ అబ్బాయి చేతే రాయించండి, చేత్తోనే. మీరు దిద్దకండి. ఒక్క పేజీ చాలు. పేరుకు ముందు మిస్టర్ అని గౌరవంగా పెట్టి, ఇంటిపేరుతో సంబోధించాలి. తానెవరో, ఎన్నో తరగతో, కార్డు తన చేతికి ఎలా వచ్చిందో రాయాలి. పక్కింటి తాతగారి బూట్ల పెట్టె కథ చాలామంది పిల్లల దగ్గర ఉండదు, అది తప్పకుండా రాయాలి. తర్వాత ఆ ఆటగాడి గురించి ఒక నిర్దిష్టమైన ప్రశ్న అడగాలి. మీరంటే నాకు చాలా ఇష్టం, మీరు గొప్ప ఆటగాడు అని వందమంది రాస్తారు. పన్నెండేళ్లవాడు పుట్టకముందే యాభై ఏళ్ల కిందట ఆడిన మనిషికి ఆ మాట రాస్తే నమ్మరు కూడా.

ప్రశ్న ఎక్కడ దొరుకుతుంది? కార్డు వెనకనే. టాప్స్ కార్డుల వెనక చిన్న కార్టూన్ బొమ్మ, దానికింద ఆటగాడి గురించి ఒక వాక్యం ఉంటాయి. వేట అంటే ఇష్టమనో, చలికాలంలో ఇన్సూరెన్స్ అమ్ముతాడనో. అవును, ఆ రోజుల్లో ఆట లేని నెలల్లో చాలామంది వేరే ఉద్యోగాలు చేసేవారు. పెద్ద లీగులో (మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో) కనీస జీతం 1967 వరకు ఏడాదికి ఆరు వేల డాలర్లు. 1968లో ఆటగాళ్ల సంఘం కుదుర్చుకున్న ఒప్పందంతో పది వేలైంది. కార్డు మీద బొమ్మ వేసుకున్నందుకు టాప్స్ ఒక్కో ఆటగాడికి ఏడాదికి ఇచ్చింది 125 డాలర్లు. సంఘం నాయకుడు మార్విన్ మిల్లర్ గట్టిగా పట్టుబట్టాకే అది రెట్టింపయి, అమ్మకాల్లో వాటా కూడా వచ్చింది. మీరు చలికాలంలో ఏ పని చేసేవారు అని ఒక పిల్లవాడు అడిగితే, సంతకంతో సరిపెట్టుకునే మనిషి కూడా కుర్చీ లాక్కుని కూర్చుని రాస్తాడు. నాకు వచ్చిన మంచి జవాబుల్లో సగం ఈ ప్రశ్నకు వచ్చినవే.

చివర్లో కార్డు మీద సంతకం చేయగలరా అని మర్యాదగా అడిగి, కుదరకపోతే ఫర్వాలేదని రాయాలి. కార్డులు ఒకటి, మహా అయితే రెండు. రెండోది వారే ఉంచుకోవచ్చని రాస్తే ఇంకా బాగుంటుంది. చాలామంది దగ్గర తమ పాత కార్డులే ఉండవు, మనవలకు ఇచ్చుకుంటారు. సంతకంతోపాటు తన పేరు కూడా రాసి ఇమ్మని మీవాడు అడగడం మంచిది. పేరు రాసిన కార్డు అమ్మకానికి అంతగా పనికిరాదు కాబట్టి, అడుగుతున్నది వ్యాపారి కాదని వారికి తెలుస్తుంది.

కవరు సంగతి మన తరంవారికి కొత్తగా చెప్పాల్సింది కాదు. తెలుగు వారపత్రికలకు కథలు పంపిన వాళ్లందరికీ తిరుగు కవరు అంటే ఏమిటో తెలుసు. స్టాంపు అంటించి సొంత చిరునామా రాసిన కవరు జతచేయకపోతే రచన తిరిగి రాదని ప్రతి పత్రికా అచ్చువేసేది. ఇక్కడా అదే నియమం. పెద్ద కవరుగా పదో నంబరుది, దాని లోపల మడత పెట్టకుండా పట్టే తిరుగు కవరుగా తొమ్మిదో నంబరుది తీసుకోండి. తిరుగు కవరు మీద ‘నుంచి’, ‘కు’ రెండు చోట్లా మీ చిరునామానే రాయండి. ఏ కారణంతో దారి తప్పినా మీ ఇంటికే చేరుతుంది. ఎవరికి పంపిన కవరో తెలిసేలా మూత లోపలి వైపు ఆటగాడి పొడి అక్షరాలు పెన్సిల్‌తో వేసుకోండి. సంతకం అర్థం కాని రోజున అదే ఆదుకుంటుంది.

స్టాంపుల్లో ఫరెవర్ స్టాంపే అంటించండి. 2007లో మొదలైన ఈ స్టాంపు తపాలా ధర ఎంత పెరిగినా ఒక ఔన్సు ఉత్తరానికి చెల్లుతూనే ఉంటుంది. జవాబు రెండు వారాల్లో రావచ్చు, రెండేళ్లకూ రావచ్చు. ధర అంకె ముద్రించిన స్టాంపు అంటిస్తే ఈలోగా చాలకుండా పోతుంది. ఔన్సు అంటే 28 గ్రాములు. కాగితం, రెండు కవర్లు, రెండు కార్డులు కలిపి సాధారణంగా అంత దాటవు, అయినా వంటింటి త్రాసులో ఒకసారి తూచండి.

కార్డును పల్చటి ప్లాస్టిక్ తొడుగులో పెట్టి, దానికి అటూ ఇటూ పల్చటి అట్ట ఉంచితే చాలు. బిరుసైన ప్లాస్టిక్ ఫలకంలో పెట్టకండి. నేను ఒకసారి అలా పంపాను, మంచి జాగ్రత్త చేశాననుకుని. ఉత్తరాలను వేరుచేసే యంత్రంలో రోలర్ల మధ్య కవరు వంగాలి, బిరుసుగా ఉంటే వంగదు. కవరు చిరిగి, కార్డు నిలువునా మడతపడి తిరిగొచ్చింది. తప్పు పూర్తిగా నాదే. బిరుసు కవరుకు అదనపు స్టాంపు కూడా పెట్టాలని అప్పటికి నాకు తెలియదు. లోపల కలం పెట్టకండి, వారి దగ్గర ఉంటుంది.

భారతదేశం నుంచి ఇలా రాయాలనుకునే పాఠకులకు ఒక్క మాట. తిరుగు కవరుకు మన దేశపు స్టాంపు అక్కడ చెల్లదు. అమెరికా తపాలా శాఖ 2013లో గ్లోబల్ ఫరెవర్ అనే గుండ్రటి స్టాంపు తెచ్చింది. ఒక ఔన్సు ఉత్తరం ఏ దేశానికైనా దానితో వెళ్తుంది. అమెరికాలో ఉన్న మీ బంధువులు వచ్చేటప్పుడు నాలుగు తెమ్మనండి.

ఇప్పుడు మీ ఆవిడ అన్న మాట. దాన్ని కొట్టిపారేయకండి, సగం న్యాయం ఆవిడవైపు ఉంది. ఎనభై అయిదేళ్ల మనిషికి రోజూ వచ్చే కవర్లలో ఎక్కువ భాగం అమ్ముకునేవాళ్లవే. వణికే చేతులతో సంతకం చేసి, లేచి వెళ్లి పోస్టుపెట్టెలో వేసి రావాలి. అందుకని నేను కొన్ని హద్దులు పెట్టుకున్నాను, మీ ఇంట్లోనూ పెట్టుకోండి. ఒక మనిషికి ఒకసారే రాయాలి. జవాబు రాకపోతే గుర్తుచేస్తూ మళ్లీ రాయకూడదు. చిరునామా దొరికింది కదా అని ఫోను చేయడం, తలుపు తట్టడం అసలు కూడదు. భార్యో, కూతురో ఆయనకు ఒంట్లో బాగాలేదని రాస్తే, కృతజ్ఞత చెబుతూ నాలుగు వాక్యాలు రాసి, నోట్‌బుక్‌లో ఆ పేరు ముగించాలి. జవాబు వచ్చినవారికి మీవాడు ధన్యవాదాల కార్డు తప్పకుండా పంపాలి, ఈసారి తిరుగు కవరు లేకుండా. ఇంకేమీ అడగడం లేదని అప్పుడే తెలుస్తుంది.

మిగతా సగం మాత్రం ఆవిడకు ఇలా చెప్పండి. మహామహులకు ఉత్తరాలు బస్తాలకొద్దీ వస్తాయి. మీ పెట్టెలో ఉన్న కామన్లు ఎవరు? రెండు మూడు సీజన్లు ఆడి, మోకాలో భుజమో దెబ్బతిని ఇంటికి వెళ్లినవారు. 1980కి ముందు ఆడినవారికి పింఛను రావాలంటే నాలుగేళ్లు పెద్ద లీగులో ఉండాలి. 1980లో ఆ నియమాన్ని 43 రోజులకు తగ్గించారు, కానీ అప్పటికే ఆట మానేసినవారికి వర్తింపజేయలేదు. అలా వందల మంది పింఛను లేకుండా మిగిలిపోయారు. 2011 నుంచి ఏటా కొంత సొమ్ము ఇస్తున్నారు గానీ అది పింఛను కాదు. నాకు ఇది మొదటినుంచీ అన్యాయంగానే అనిపిస్తుంది. ఆ మనుషులను ఆట మరిచిపోయింది. క్లీవ్‌లాండ్ శివారు నుంచి ఒక తెలుగు పిల్లవాడు, అరవై ఏళ్ల కిందటి వారి కార్డు వెనక బొమ్మ చూసి ప్రశ్న అడిగాడంటే అది విసుగు కాదు. నాకు వచ్చిన ఉత్తరాల్లో ఎందరో రాసిన మాట, ఇంకా ఎవరో ఒకరికి గుర్తున్నందుకు సంతోషమని.

కొందరు సంతకానికి అయిదో పదో డాలర్లు అడుగుతారు. అందులో తప్పు చూడకండి. కొందరు దాన్ని ధర్మకార్యాలకు ఇస్తారు, కొందరికి ఆ డబ్బే అవసరం. పంపగలిగితే చెక్కు రూపంలో పంపండి, లేదంటే ఆ పేరు వదిలేయండి. బేరం చేయవద్దు.

తిరిగి వచ్చినదంతా ఆటగాడి చేతిదే అనుకోకండి. రబ్బరు ముద్రలు ఉన్నాయి, ఇంట్లోవాళ్లు చేసిపెట్టే సంతకాలు ఉన్నాయి. ఏ మనిషీ రెండుసార్లు అచ్చంగా ఒకేలా సంతకం చేయడు. రెండు కార్డుల మీద గీతకు గీత సరిపోతే అది ముద్ర. కామన్ల విషయంలో మోసానికి కారణం తక్కువ, భయం అక్కర్లేదు. పీఎస్ఏ, జేఎస్ఏ, బెకెట్ వంటి సంస్థలు రుసుము తీసుకుని పరిశీలించి ధ్రువపత్రం ఇస్తాయి. అయిదు డాలర్ల కార్డుకు అంతకు మించిన రుసుము కట్టడం నాకు సమ్మతం కాదు. తపాలా ముద్ర పడిన కవరును కార్డుతోపాటు దాచండి, అదే మీ సాక్ష్యం. కార్డులను ఎండ తగిలే గోడకు వేలాడదీయవద్దు, షార్పీ సిరా ఏళ్లు గడిచేసరికి వెలిసిపోతుంది. పీవీసీ కవర్లు వాడకండి, పాలీప్రొపైలీన్‌వి అడిగి తీసుకోండి. లామినేషన్ మాట ఎవరైనా ఎత్తితే వద్దనండి.

ఆ పదకొండు బాల్‌పెన్ను సంతకాలు మిగిలాయి. వాటి గురించి నేను ఇక్కడినుంచి ఏమీ తేల్చలేను. అరవైలలో పిల్లలు ఎక్కువగా స్టేడియం చిరునామాకే రాసేవారు. ఆటగాడు బిజీగా ఉంటే డ్రెస్సింగ్ గదిలో పనిచేసే కుర్రాళ్లే సంతకాలు చేసి పంపిన సందర్భాలు ఆ రోజుల్లో చాలా ఉన్నాయి, ముఖ్యంగా పెద్ద పేర్ల విషయంలో. ఇంటి చిరునామాకు రాసి ఉంటే నమ్మకం ఎక్కువ. మైదానం అంచున నిలబడి చేయించుకున్నవైతే ఇంకా ఎక్కువ. ఏది ఎలా వచ్చిందో చెప్పగల మనిషి ఒక్కరే ఉన్నారు, ఆయన కూతురి ఇంట్లో ఉన్నారు. అందుకని మీవాడి మొదటి ఉత్తరం ఏ ఆటగాడికీ కాదు, ఆయనకే వెళ్లాలి. పదకొండు పేర్లూ వరసగా రాసి, ఒక్కొక్క పేరు కింద ఆయన రాయడానికి నాలుగు గీతల చోటు వదలమనండి. కొలావిటో కార్డు ఉంటే దాని సంగతీ అడగమనండి. తిరుగు కవరు పెట్టి, ఫరెవర్ స్టాంపు అంటించి ఈ వారంలోనే వేయండి.